సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోతోందా? మోటార్ మార్చే ముందు ఇది చూడండి

ఈరోజు మా నాన్న పాత జపాన్ బండి సంగతి. సెల్ఫ్ బటన్ నొక్కితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. నాన్నకి మోకాలి నొప్పి, కిక్ కొట్టలేరు. మెకానిక్ చూసి "మోటారే పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. పాత బండికి అది దొరకడమే కష్టం. సరే, ముందు మనమే చూద్దాం అనుకున్నా.

మొదట బ్యాటరీ. ఫుల్ చార్జ్‌లో ఉంటే మీటర్ సుమారు 12.6 వోల్టులు చూపించాలి. నాది బానే ఉంది. ‘టక్’మన్నది రిలే. బండి న్యూట్రల్‌లో పెట్టి బటన్ నొక్కితే మోటార్ వైరు దాకా వోల్టేజ్ వస్తోంది. అంటే తేడా మోటార్ లోపలే.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశా. ఇది మర్చిపోవద్దు, స్పానర్ తగిలితే నిప్పురవ్వలే! మోటార్ బాడీకీ మూతలకీ కలిపి మార్కర్‌తో గీత పెట్టా. లోపలి సన్న వాషర్ల వరుసని ఫోన్‌లో ఫోటో తీసుకున్నా.

లోపలంతా నల్లటి పొడి. కార్బన్ బ్రష్‌లు బాగా అరిగిపోయి కమ్యుటేటర్‌కి సరిగ్గా ఆనడం లేదు. ఇక కరెంటు ఎలా అందుతుంది? పొడి తుడిచి, రాగి కమ్యుటేటర్‌ని సన్న శాండ్‌పేపర్‌తో మెల్లగా రుద్దా. గాడుల్లో ఇరుక్కున్న పొడి కూడా తీసేశా. కొత్త బ్రష్‌లు వేసి, గీతలు కలిపి బిగించా.

బటన్ నాన్నతోనే నొక్కించా. ఒక్క దెబ్బకి స్టార్ట్! ఆయన ఏమీ అనలేదు, హెల్మెట్ తీసుకుని ఒక రౌండ్‌కి వెళ్ళిపోయారు.

కాబట్టి ఫ్రెండ్స్, కొత్త మోటార్ కొనే ముందు ఒకసారి బ్రష్‌లు చూడండి.