జీబ్రా చేప: ఇంటి తొట్టిలో గుంపు జీవనం

ఇంట గాజుతొట్టి నెలకొల్పి చేపలను పెంచే అలవాటు నేడు పట్టణాలలోను, పల్లెలలోను కనిపిస్తున్నది. ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకొన్నప్పుడు దాని స్వభావం ఎరిగి ఉండటం మన ధర్మం. కొన్నేళ్లుగా జీబ్రా చేపలను పెంచుతున్నవాడిగా నాకు తెలిసిన విషయాలను పాఠకులకు మనవి చేస్తున్నాను.

జీబ్రా చేప మన దేశపు మంచినీటి చేపయే. పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు. వెండి ఛాయ గల ఒంటిపై తోక వరకు నీలి చారలుంటాయి. గంగానదీ పరీవాహక ప్రాంతపు చేపలను వర్ణించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీనికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. దీని పిండం పారదర్శకమైనందున అవయవాల ఎదుగుదలను సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. అందుకే హైదరాబాదులోని సీసీఎంబీ వంటి సంస్థలలో దీనిపై పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇది గుంపుగా జీవించే చేప. పదిమందిలో ఉన్నప్పుడు శత్రువు దృష్టి ఏ ఒక్కదానిపైనా నిలువదు. అపాయాన్ని పసిగట్టే కళ్లూ ఎక్కువ. ఒంటరి చేప బెదురుతూ మూలన దాగుతుంది. రెండు మూడే ఉంటే బలమైనది తక్కినవాటిని తరుముతుంది. కనుక కనీసం ఆరు, వీలైతే పది చేపలుండాలి. ఇవి చురుకుగా ఈదుతాయి గనుక గుండ్రని గాజుపాత్ర పనికిరాదు. రెండడుగుల పొడవు గల తొట్టి అవసరం. ఇవి నీటిపైకి ఎగురుతాయి, మూత తప్పనిసరి.

తొట్టి పెట్టిన నాడే చేపలను వదలరాదు. వాటి విసర్జన వలన అమ్మోనియా అనే విషం పుడుతుంది. దానిని ముందు నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తే ఆ సూక్ష్మజీవులకు ఆహారం దొరుకుతుంది. తరువాత వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకు హానికరం. దానిని విరిచే మందు కలిపిన పిదపనే పోయాలి. ఫిల్టరు స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే కడగాలి. రెండు నిమిషాలలో తినగలిగినంత మేతయే వేయాలి. కోనేటి చేపలకు వేసినట్లు మరమరాలు వేస్తే తొట్టి నీరు చెడిపోతుంది.

ముఖ్యమైన విన్నపం ఒకటి. పెంచలేనివారు కొందరు చేపలను కోనేటిలోనో, నదిలోనో విడిచి పుణ్యకార్యమని తలుస్తారు. తొట్టి చేపలతో వ్యాధులు అక్కడి జలచరాలకు సోకవచ్చు. గాజుకు పట్టిన పాచిని తింటుందని తెచ్చుకొనే దక్షిణ అమెరికా సక్కర్ చేప ఈ విధంగానే బయటపడి మన జలాశయాలలో పెరిగిపోయింది. ముళ్లతో వలలను చింపే ఆ చేపను మన మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. కనుక పెంచలేనప్పుడు మరొక పెంపకందారునికో, అమ్మిన దుకాణానికో అప్పగించాలి. జీబ్రా చేప ఆయుష్షు సాధారణంగా రెండు మూడేళ్లు. ఆ కాలమంతా సాకగలమని నిశ్చయించుకొన్న తరువాతనే ఇంటికి తేవడం ఉత్తమం.