స్టాన్‌వే గ్రామపు గడ్డికప్పు పెవిలియను

ఇంగ్లండు దేశమున గ్లాస్టర్‌షైరు మండలమందు, కాట్స్‌వోల్డు కొండల అంచున స్టాన్‌వే అను చిన్న గ్రామము కలదు. అచ్చటి క్రికెట్టు మైదానము ప్రక్కన గడ్డి కప్పిన కొయ్య కుటీరమొకటి కనబడును. ఆటగాండ్రు దుస్తులు మార్చుకొనుటకును, తమ వంతు వచ్చువరకు కూర్చుండి ఆట చూచుటకును కట్టిన ఇట్టి గృహమును పెవిలియను అందురు. లండను నగరమున లార్డ్స్ మైదానపు పెవిలియను ఇటుకలతో కట్టిన మహాసౌధము. దానిముందు స్టాన్‌వే పెవిలియను పిట్టగూడు వంటిది.

దీనిని 1925లో గ్రామమునకు కానుకగా ఇచ్చినవాడు సర్ జేమ్స్ బారీ (1860-1937). ఎన్నటికిని పెద్దవాడు కాని బాలుడగు పీటర్ పాన్‌ను సృష్టించిన నాటకకర్త ఈయనయే. ఈయన వేసవి దినములను స్టాన్‌వేలోని పెద్ద భవనమున గడపుచుండెడివాడు. బారీకి క్రికెట్టనిన ప్రాణము. ఆడుట మాత్రము అంతంతమాత్రము. తాను విసరిన బంతి నచ్చనిచో, వెంట పరుగెత్తి దానిని తిరిగి తెచ్చుకొనగలనని ఆయనయే పరిహాసమాడెడివాడు! బంతి అంత మెల్లగా పోవునన్నమాట. 1887లో ఆయన స్నేహితులతో ఒక జట్టును కూర్చెను. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కోనన్ డాయిల్ కూడ అందు ఆడెను. జట్టు పేరు అల్లాహక్‌బరీస్. ‘అల్లాహు అక్బర్’ అను అరబ్బీ మాటకు ‘దేవుడే మమ్ము కాపాడుగాక’ అని అర్థమనుకొని, దానికి బారీ పేరును జోడించి వారట్లు పెట్టుకొనిరి. నిజమునకు ‘దేవుడు మహోన్నతుడు’ అని ఆ మాటకు భావము.

ఈ కుటీరము నేలను తాకక, పుట్టగొడుగుల ఆకారము గల రాళ్లపై నిలిచియున్నది. పూర్వము ఇంగ్లండు రైతులు ధాన్యపు కొట్లను ఇట్టి రాళ్లపై కట్టెడివారు. ఎలుక క్రింది రాతిని ఎక్కినను, గొడుగువలె వెలికి చాచిన పైరాతిని దాటలేదు. నేల చెమ్మయు ధాన్యమునకు సోకదు. ఎలుకలను ఆపిన రాళ్లు ఇచ్చట ఆటగాండ్రను మోయుచున్నవి.

ఇట్టి గడ్డికప్పు మిక్కిలి ఏటవాలుగా నుండవలెను. అప్పుడే వాననీరు లోనికి ఇంకక పైపైననే జారిపోవును. బాగుగా కప్పిన కప్పు కొన్ని దశాబ్దములు నిలుచును. కొప్పును మాత్రము పది పదునైదేండ్లకొకమారు మరల కట్టవలెను. నిప్పురవ్వ భయము ఎల్లప్పుడును ఉండనే యున్నది.

నేడు అంతకు మించిన చిక్కు గడ్డి దొరకుటలో కలదు. ఇంగ్లండులో పెక్కు ఇండ్లకు గోధుమ గడ్డినే కప్పుదురు. నేటి గోధుమ వంగడములు పొట్టివి. కోతయంత్రము వాటి గడ్డిని నలిపివేయును. కావున కొందరు రైతులు కప్పు పనికై పొడవైన పాత వంగడములను ఇప్పటికిని ప్రత్యేకముగా విత్తి, పాతకాలపు యంత్రములతో కోసి, మోపులు కట్టి ఆరబెట్టుచున్నారు.