భీతచిత్తమునకు యోగసాధనము

1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచెను. ఉప్పెననీరు కొన్నాళ్లకు తీసిపోవును; అట్టి విపత్తును దాఁటినవారి భయము అంత త్వరగా తీసిపోదు. ఏండ్లు గడచినను, గాలిహోరు విన్నంతనే కొందఱికి గుండె దడదడలాడును. ఇది పిఱికితనము కాదు.

చిత్తము చెదరినప్పుడు దుఃఖము, దౌర్మనస్యము, అంగముల వణఁకు, శ్వాసప్రశ్వాసల కలఁత కూడవచ్చునని పతంజలి యోగసూత్రములలో చెప్పెను. వీనిలో మొదటి రెండును మనస్సునకు, తక్కిన రెండును దేహమునకు సంబంధించినవి. కావున “మఱచిపొమ్ము” అని బోధించిన చాలదు. దేహమునకును ఊరట కావలయును. ఊపిరిని మెల్లఁగా విడుచుట ఆయన చూపిన ఉపాయములలో నొకటి.

2008 బీహారు వరదల పిమ్మట పరిశోధకులు 22 మంది బాధితులను రెండు జట్లు చేసి, ఒక జట్టుచేత వారము దినములు దినమున కొకగంట యోగము చేయించిరి. వారి దుఃఖము తగ్గెను. చేయనివారి ఆందోళన పెరిగెను. సంఖ్య స్వల్పమే యైనను ఫలితము గమనింపఁదగినది.

అయితే ఎవరిని బలవంతపెట్టరాదు. కన్నులు మూసిన పాతదృశ్యము తోఁచువారు కన్నులు తెఱచియే సాధన చేయవచ్చును. నిద్రాహారములు మానినవారిని, ప్రాణముపై విరక్తి చెందినవారిని తప్పక వైద్యునికడకుఁ గొనిపోవలయును. యోగము వైద్యమునకు తోడుగా నుండవలయును.