వార్డులో దాడి: ముందుగా కనిపించే ఆరు గుర్తులు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి మానసిక రోగికి సాయం కోరి వచ్చే కుటుంబాలు మందుల ఖర్చుకన్నా ముందు ఒక భయం చెప్పుకుంటాయి: "ఎప్పుడు మీద పడతాడో తెలీదండీ." ఈ జబ్బులున్నవారిలో ఎక్కువమంది ఎవరిమీదా చెయ్యి చేసుకోరు. అయితే జబ్బు ముదిరి వార్డులో చేర్చిన రోజుల్లో కొందరు నర్సు మీదో, పక్క మంచం రోగి మీదో తిరగబడే మాట నిజమే. దాన్ని ముందుగా పసిగట్టే మార్గం ఉందని దాతలకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

నార్వే దేశంలోని బ్రోసెట్ ఆసుపత్రిలో దాడులకు ముందు 24 గంటల్లో రోగులు ఎలా ప్రవర్తించారో పరిశీలించారు. ఆరు గుర్తులు తేలాయి: అయోమయం, చిరాకు, గోల చేయడం, మాటలతో బెదిరించడం, కొట్టేలా మీదకు రావడం, వస్తువుల మీద విరుచుకుపడటం. ఒక్కోదానికి ఒక్క మార్కు. నర్సు షిఫ్టుకొకసారి చూసి వేస్తుంది. సున్నా అయితే ప్రమాదం తక్కువ. ఒకటి, రెండు వస్తే జాగ్రత్త పడాలి. మూడు దాటితే చెప్పేదేముంది, మూడు వచ్చినా డాక్టరుకు వెంటనే కబురు వెళ్ళాలి. ఈ మార్కు చెప్పేది రాబోయే ఒక్క రోజు గురించే. మనిషి స్వభావం గురించి అది ఏమీ చెప్పదు.

2000లో వెలువడిన తొలి పరీక్షలో, దాడికి దిగినవారిలో 63 శాతం మందిని ఈ పట్టిక ముందే పట్టింది; శాంతంగా ఉన్నవారిలో 92 శాతం మందిని సరిగ్గానే గుర్తించింది. అంటే మూడో వంతుకు పైగా దాడులు దీనికి దొరకలేదు. జోస్యం కాదు కదా!

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బాగా తెలిసిన రోగి విషయంలో, అలవాటుకన్నా పెరిగితేనే మార్కు వేయాలి. కొబ్బరి దింపు తీసే మనిషికి చెట్టు మీంచి కేకేసి మాట్లాడటం అలవాటు. వార్డులోనూ అదే గొంతు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పెద్దామె జబ్బులో తెలుగు పలక్కపోతే, ఆ భాష రాని నర్సుకు అది అయోమయంలా తోచవచ్చు. ఏది అలవాటో, ఏది కొత్తగా వచ్చిన మార్పో చెప్పగలిగేది తల్లో, చెల్లెలో, అన్నో. ఆ మనిషి పక్కన ఉండాలి. కోనసీమ నుంచి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి రోగితో వెళ్ళి, కూలి మానుకుని రోజుల తరబడి ఉండటం పేదవారికి ఎంత కష్టమో మీకు తెలుసు.

గుర్తులు కనిపించాక చేసే పని చాలావరకు చిన్నదే. గోల లేని మూలకు తీసుకెళ్ళడం, ఆకలో నిద్రలేమో అడగడం, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడటం, మందు మార్చాలేమో డాక్టరు చూడటం. ముందుగా తెలియకపోతే మిగిలేది కట్టేయడమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. తప్పనిసరి ప్రమాదంలో, వేరే దారి లేనప్పుడు, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంత సేపే పట్టి ఉంచవచ్చు.

ఈ మాట మన సముదాయానికి మరీ గట్టిగా చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. దువా చేయించండి, తావీజు కట్టించండి, ఎవరూ కాదనరు. గొలుసు మాత్రం వద్దు, మందు మాత్రం ఆపవద్దు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకూ చోటుండేది, దాని ఖర్చు వక్ఫ్ ఆదాయంతో నడిచేది. మన దాతలకు ఇది కొత్త దారేమీ కాదు.

అందుకే మేము కోరుతున్నది పెద్ద భవనం కాదు. వార్డులో రోగికి తోడుండే ఒక్క మనిషికి దారిఖర్చు, రెండు పూటలా భోజనం; ఇంటికొచ్చాక నెలనెలా మందులు. ఇంట్లో పై గుర్తులు కనిపిస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక వార్డులో పడిన మార్కు సంగతి మొహల్లాలో ఎవరికీ చెప్పకండి, పెళ్ళి సంబంధాల దగ్గర అసలే వద్దు. దాని గడువు 24 గంటలే.