వదులు కీళ్ళు, అరగని అన్నం

నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతుంది. తిన్నది గంటలు గడిచినా గుండెల కిందే కూర్చున్నట్టు ఉంటుంది. తేన్పులు, ఉబ్బరం, వికారం. మైలవరంలోనో నందిగామలోనో ముందు ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ బిళ్ళలు తెచ్చుకుంటారు. తగ్గకపోతే బెజవాడ వెళ్ళి ఎండోస్కోపీ, స్కానింగ్ చేయించుకుంటారు. రిపోర్టులో ఏమీ ఉండదు. "అంతా నార్మలేనమ్మా, ఏదన్నా దిగులు పెట్టుకున్నావా?" అని డాక్టరుగారు అడుగుతారు. ఇంట్లోవాళ్ళకైతే ఇదంతా తిండి దగ్గర వేషాలుగా కనిపిస్తుంది. ఫైలు లావెక్కుతూ ఉంటుంది, మనిషి చిక్కిపోతూ ఉంటుంది.

ఇలాంటి వాళ్ళలో కొందరిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కడుపుతో దానికేం పని అనిపిస్తుంది వినగానే. "మణికట్టు వంచి బొటనవేలిని ముంజేతికి ఆనించగలవా?"

కీళ్ళు ఎంత వదులో కొలవడానికి డాక్టర్లు వాడే పద్ధతికి బేటన్ స్కోరు అని పేరు. 1973లో పీటర్ బేటన్ తన తోటి వైద్యులతో కలిసి దక్షిణాఫ్రికాలోని త్స్వానా జనాన్ని పరీక్షించినప్పుడు స్థిరపడింది. పరికరాలేం అక్కర్లేదు. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే చేతికొక మార్కు. బొటనవేలు ముంజేతికి తగిలితే చేతికొకటి. మోచేయి తిన్నగా చాచినప్పుడు 10 డిగ్రీలకు మించి అవతలికి విరిగినట్టు వంగితే చేతికొకటి, మోకాలు అలాగే వెనక్కి పోతే కాలికొకటి. మోకాళ్ళు మడవకుండా వంగి రెండు అరచేతులూ నేలకు ఆనిస్తే ఇంకొకటి. మొత్తం తొమ్మిది. 50 ఏళ్ళలోపు పెద్దవాళ్ళకు అయిదు, అంతకు పైబడినవాళ్ళకు నాలుగు, చిన్నపిల్లలకు ఆరు వస్తే కీళ్ళు మామూలుకంటే వదులని లెక్క.

ఇది జబ్బు లెక్క కాదు. పిల్లల్లో, ఆడవాళ్ళలో ఈ వదులు ఎక్కువ. వయసు మీదపడేకొద్దీ తగ్గుతుంది. యూరప్ వాళ్ళకంటే ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో ఎక్కువ. చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు, పైగా వరమే. కూచిపూడి నాట్యానికి గానీ, యోగాసనాలకు గానీ, జిమ్నాస్టిక్స్‌కు గానీ ఇలాంటి ఒళ్ళున్నవాళ్ళే ముందు మొగ్గుతారు. "మా పిల్ల ఎటు వంచితే అటు వంగుతుంది" అని తల్లులు మురిసిపోవడంలో తప్పేమీ లేదు. ఆ పిల్లకు తరచూ మడమ బెణుకుతున్నా, భుజం జారుతున్నా, మోకాళ్ళ నొప్పులని రాత్రిళ్ళు ఏడుస్తున్నా అప్పుడు మాత్రం ఆలోచించాలి.

మరి కడుపు సంగతి? మైలవరానికి దక్షిణాన ఉన్న కొండపల్లికి వెళ్ళి బొమ్మ ఎలా తయారవుతుందో చూడండి. తెల్ల పొణికి కర్రతో తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. ఆ మక్కునే ఒంటి మీద మెత్తి నునుపు తేలుస్తారు. మక్కు పాకం కుదరకపోతే ఒక్క చేతి అతుకుతో పోదు, బొమ్మంతా తేడా వస్తుంది. మన ఒంట్లో ఆ మక్కు పని చేసేవాటిలో ముఖ్యమైనది కొల్లాజెన్. శరీరంలోని ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు అదే. కీళ్ళను పట్టి ఉంచే లిగమెంట్లలో ఉంటుంది, చర్మంలో ఉంటుంది, రక్తనాళాల్లో ఉంటుంది, జీర్ణాశయం గోడలోనూ పేగుల గోడలోనూ ఉంటుంది. అది పుట్టుకతోనే కాస్త సాగుడుగా ఉంటే వేళ్ళ దగ్గర మాత్రమే ఎందుకు ఆగాలి?

లండన్ వైద్యులకు వచ్చిన సందేహం ఇదే. జీర్ణ సమస్యలతో తమ దగ్గరికి వచ్చిన 129 మందిని చూసి 2010లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళలో దాదాపు సగం మందికి కీళ్ళు వదులుగా ఉన్నాయి. పెద్ద ఆసుపత్రి దాకా వచ్చేవాళ్ళు మొండి సమస్యలున్నవాళ్ళే కాబట్టి ఈ లెక్కను ఊళ్ళో అందరికీ అంటగట్టకూడదు. అయినా ఆ తర్వాత ఖాసిం అజీజ్, ఆస్మా ఫిక్రీ తదితరులు చేసిన అధ్యయనాల్లోనూ ఈ సంబంధం మళ్ళీ మళ్ళీ కనబడింది. ముఖ్యంగా తిన్న వెంటనే కడుపు బరువెక్కే రకం అజీర్తిలో.

ఎలా జరుగుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. అన్నం లోపలికి వెళ్ళగానే జీర్ణాశయం పైభాగం సడలి చోటివ్వాలి, ఆ తర్వాత కింది భాగం నూరి ముందుకు పంపాలి. గోడ సాగే తీరు మారితే, ఎంత నిండిందో మెదడుకు చెప్పే నరాలు తప్పుడు కబురు పంపవచ్చన్నది ఒక ఊహ. రెండోది మన ప్రమేయం లేకుండా గుండెనూ పేగులనూ నడిపే నరాల వ్యవస్థ గురించి. కీళ్ళు వదులుగా ఉన్న కొందరికి లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. పది నిమిషాల్లోపు గుండె వేగం నిమిషానికి 30కి పైగా పెరుగుతుంది, కళ్ళు తిరుగుతాయి. భోంచేశాక రక్తం పేగుల వైపు మళ్ళుతుంది కాబట్టి అప్పుడు ఇంకా నీరసం. వాళ్ళను "రక్తం లేదు" అని ఐరన్ బిళ్ళలతో పంపేయడం తేలిక.

మూడో దారి మన పల్లెల్లోనే ఎక్కువ కనబడుతుంది. దాని గురించి మాత్రం ఊహలు అక్కర్లేదు. కీళ్ళు వదులైనవాళ్ళకు ఒళ్ళునొప్పులు ఎక్కువ. మిరప చేలో రోజంతా వంగి కాయ కోస్తే మామూలు మనిషికే నడుం పడిపోతుంది, వీళ్ళ సంగతి చెప్పాలా? డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కిళ్ళీ కొట్లో అడిగినా దొరికే రోజులివి. అవి కడుపు పొరను కాపాడే రసాయనాలనే తగ్గించి పుండ్లు పుట్టిస్తాయి. ట్రమడాల్ అయితే పేగుల కదలికనే మందగింపజేస్తుంది. కీళ్ళ కోసం మింగినది కడుపును పాడుచేస్తుంది, కడుపు కోసం గ్యాస్ బిళ్ళ తోడవుతుంది. రెండూ రాసింది ఒకే చెయ్యి అయినా ఎవరూ ముడిపెట్టి చూడరు.

అసలు కీళ్ళనూ కడుపునూ కలిపి చూడటం ఈ ప్రాంతానికి కొత్తగా ఉండకూడదు. జగ్గయ్యపేట దాటితే పాత నల్లగొండ జిల్లా. అక్కడ ఫ్లోరైడ్ నీళ్ళు కీళ్ళను బిగదీశాయి, అజీర్తినీ తెచ్చిపెట్టాయి. ఇక్కడ మనం చెప్పుకుంటున్నది పుట్టుకతో వచ్చే వదులు, అక్కడిది నీటితో వచ్చిన బిగువు. కారణాలు వేరైనా ఒళ్ళు ఒక్కటే.

పుట్టుకతో వచ్చే ఈ వదులు కొందరిలో ఎలర్స్-దాన్లో సిండ్రోమ్ అనే జబ్బులో భాగం. ఎడ్వర్డ్ ఎలర్స్ 1901లో, ఆన్రీ దాన్లో 1908లో వర్ణించిన ఆ జబ్బుల కుటుంబాన్ని 2017లో పదమూడు రకాలుగా విభజించారు. వాటిలో ఎక్కువమందికి ఉండే, కీళ్ళ వదులే ప్రధానమైన రకానికి మాత్రం జన్యువు ఇంకా దొరకలేదు. అందుకని రక్తపరీక్షతో తేల్చేస్తామని ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. డాక్టరు ఓపిగ్గా చేతులతో పట్టుకు చూడటమే దీనికి పరీక్ష.

వైద్యమూ ఆర్భాటం లేనిదే. పళ్ళెం నిండా రెండుసార్లు తినే బదులు కొద్దికొద్దిగా అయిదారుసార్లు తినాలి. నూనె, వేపుళ్ళు తగ్గించాలి. కారం కొందరికి పడదు. అయితే మన మెట్ట ప్రాంతంలో కారం మానమంటే డాక్టరునే మానేస్తారు, కాబట్టి తగ్గించి చూడమనడమే మర్యాద. ఫిజియోథెరపీలో కీళ్ళ చుట్టూ కండను గట్టిపరిచే వ్యాయామాలు చేయాలి, ఇంకా సాగదీసేవి కాదు. అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో కొందరికి పనిచేస్తుంది. అది డిప్రెషన్ మందని గూగుల్‌లో చూసి పారేసేవాళ్ళున్నారు. ఇక్కడ దాన్ని ఇచ్చేది కడుపు నరాల కోసం.

ఒక హెచ్చరిక. బరువు కారణం లేకుండా తగ్గుతున్నా, విరేచనం తారులా నల్లగా వస్తున్నా, రక్తం వాంతి అయినా, ముద్ద దిగకపోయినా, 50 దాటాక అజీర్తి కొత్తగా మొదలైనా వేళ్ళు వంచి చూసుకుంటూ కూర్చోకండి. ముందు ఎండోస్కోపీయే.

అవేవీ లేకుండా రిపోర్టులన్నీ బాగుండి బాధ మాత్రం పోనివాళ్ళు ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు సంగతులు అడక్కుండానే చెప్పండి: చిన్నప్పుడు మీ ఒళ్ళు ఎలా వంగేదో, ఇప్పుడు వారానికి ఎన్ని నొప్పి బిళ్ళలు మింగుతున్నారో.