చల్లటి బోర్డుకు 135 డిగ్రీల జ్వరం!

చేతిలో పట్టుకుని బిల్లులు కొట్టే మెషీన్లు చూసే ఉంటారు. అలాంటి వాటికి డ్రైవర్లు రాయడం నా పని. డ్రైవర్ అంటే స్టీరింగ్ పట్టేవాడు కాదు లెండి, కెర్నల్‌లో కూర్చుని చిప్‌లతో మాట్లాడే కోడ్. రెండేళ్ల కిందట ఆ మెషీన్లు ఒక్కొక్కటే మా ఆఫీసుకి వెనక్కి రావడం మొదలైంది. బిల్లు సగం ప్రింటయ్యేసరికి ఠక్కున ఆఫ్! లాగ్ తీస్తే అన్నింట్లోనూ ఒకటే కారణం: టెంపరేచర్ 135 డిగ్రీలు, అందుకే షట్‌డౌన్.

సపోర్ట్ వాళ్లు వెంటనే తేల్చేశారు. బిల్లులు కొట్టే కుర్రాళ్లు బండి మీద, ఎండలో పెట్టేస్తున్నారట. పెట్టెల మీద ‘ఎండలో పెట్టారు’ అని స్టిక్కర్ కూడా వేశారు. కొందరి జీతంలో రిపేరు డబ్బులు కోశారని నాకు తర్వాత తెలిసింది.

తీరా చూస్తే ఏసీలో, నా టేబుల్ మీద కూడా అదే మెషీన్ 135 అంది.

‘అన్నా, ఇది కాలిపోతోందంట’ అన్నాను మా సీనియర్‌తో.

‘చెయ్యి పెట్టి చూశావా?’

పెట్టాను. చల్లగా ఉంది.

ఇక్కడ కాస్త లోపలికి వెళ్దాం. ప్రాసెసర్‌కీ, చిన్న చిన్న సెన్సర్లకీ మధ్య ఐ2సీ అనే బస్ ఉంటుంది. 1982లో ఫిలిప్స్ తయారుచేసింది. మీ ఫోన్‌లో టచ్ చిప్ కూడా చాలావరకు ఇలాంటి బస్ మీదే ఉంటుంది. ఉన్నవి రెండే తీగలు: ఒకటి డేటా, ఒకటి క్లాక్. పద్ధతి క్లాసులో అటెండెన్స్ లాంటిదే. ప్రాసెసర్ నంబర్ పిలుస్తుంది, ఆ నంబర్ సెన్సర్ ‘ప్రెజెంట్’ అనాలి. అనకపోతే బస్ ఎర్రర్.

మా మెషీన్‌లో ప్రింటర్ మోటార్ తిరగ్గానే కరెంట్ ఎక్కువ లాగేది, వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయేది. ఆ క్షణంలో సెన్సర్ పలికేది కాదు. లైనక్స్ కెర్నల్ తన పని తాను సరిగ్గానే చేసింది, మైనస్ 121 అని ఎర్రర్ కోడ్ ఇచ్చింది. రాస్ప్‌బెర్రీ పై మీద సెన్సర్లు పెట్టి ఆడుకున్నవాళ్లకి ఈ 121 పాత చుట్టమే.

మా డ్రైవర్ ఏం చేసిందంటే, వచ్చింది జవాబా ఎర్రరా అని చూడకుండా ఒక బైట్‌లో పడేసింది. బైట్‌లో పట్టేది 0 నుంచి 255 వరకే. మైనస్ 121ని అందులో కుక్కితే 256లోంచి 121 పోయి 135 అవుతుంది. అంటే ఆబ్సెంట్ అయిన కుర్రాడికి మార్కుల కాలమ్‌లో 135 వేశామన్నమాట. ఆ లైన్ రాసింది ఎవరో కాదు, నేనే.

సరిచేయడం తేలికే అనుకున్నా. వచ్చింది మైనస్ అయితే కొన్ని మిల్లీసెకన్లు ఆగి మళ్లీ అడుగు, మూడుసార్లు అడిగినా రాకపోతే ‘తెలియదు’ అని పైకి చెప్పు. చాలామంది ఇక్కడ పాత రీడింగ్‌నే చూపించేస్తారు. అది నాకు నచ్చదు. సెన్సర్ నిజంగా చచ్చిపోయి, బ్యాటరీ నిజంగా వేడెక్కుతుంటే? అందుకే వరసగా కొన్నిసార్లు జవాబు రాకపోతే ఛార్జింగ్ ఆపేసేలా పెట్టాం.

అయినా ఒక మెషీన్ మొండికేసింది. రీస్టార్ట్ చేసినా సెన్సర్ మూగే. బ్యాటరీ పీకి పెడితే తప్ప పలకదు.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. సెన్సర్ డేటా పంపుతుండగా మధ్యలో ప్రాసెసర్ రీసెట్ అయింది. సెన్సర్‌కి మాత్రం ఆ సంగతి తెలీదు, దాని పవర్ పోలేదు కదా. తర్వాతి క్లాక్ కోసం ఎదురుచూస్తూ డేటా తీగని కిందకి లాగిపట్టి కూర్చుంది. ఆ తీగ వదిలేదాకా బస్ మీద ఇంకెవరూ మాట్లాడలేరు. దీనికి పాత చిట్కా ఒకటుంది: డేటా తీగ వదిలేదాకా క్లాక్ తీగ మీద పల్స్‌లు కొట్టడం. తొమ్మిది చాలు, ఎందుకంటే ఒక బైట్‌కి ఎనిమిది బిట్లు, ఒక అటెండెన్స్ బిట్. సెన్సర్ చెప్పాల్సింది చెప్పేసి తీగ వదిలేస్తుంది. ఈ పని చేసే కోడ్ లైనక్స్‌లో రెడీగా ఉంది. ఆ పిన్‌లు ఏవో చెబితే చాలు, మేం చెప్పలేదు.

ల్యాప్‌టాప్‌లలో ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ బస్‌ది ఇంకో మాయ. కార్డు ఊడిపోయినా చదివితే ఎర్రర్ కాకుండా చాలాసార్లు అన్నీ ఒకట్లే వస్తాయి. 32 బిట్లలో అది 4294967295. ‘బిజీ బిట్ సున్నా అయ్యేదాకా ఆగు’ అని టైమ్‌అవుట్ లేకుండా లూప్ రాశారా, ఇక జన్మలో బయటికి రాదు. స్క్రీన్ బిగుసుకుపోయిన కేసుల్లో ఇలాంటివీ ఉంటాయి.

మా మెషీన్లకి అప్‌డేట్ వెళ్లింది. సెన్సర్ ఎన్నిసార్లు పలకలేదో లెక్కపెట్టే కౌంటర్ ఒకటి పెట్టాం. ఆ అంకెలు చూసి హార్డ్‌వేర్ టీమ్ తర్వాతి బ్యాచ్‌లో ప్రింటర్ పక్కన పెద్ద కెపాసిటర్ వేసింది. కోసిన డబ్బులు వెనక్కివ్వమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, 135 లెక్కతో సహా. కొందరికి ఇచ్చారు. మిగతావాళ్లు అప్పటికే ఆ పని మానేసి వెళ్లిపోయారట.