వార్తల్లో పదం: కార్బన్ డాట్స్

కూరగాయల్లో పురుగుమందు అవశేషాలను చప్పున పసిగట్టే పరీక్షల వార్తల్లో ఈ మాట కనిపిస్తోంది. కార్బన్ డాట్స్ అంటే సాధారణంగా 10 నానోమీటర్ల లోపు ఉండే కార్బన్ రేణువులు. అతినీలలోహిత కాంతి పడితే నీలంగానో, ఆకుపచ్చగానో వెలుగుతాయి. 2004లో అమెరికాలో కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేస్తుంటే అనుకోకుండా బయటపడ్డాయి. తయారీ బ్రహ్మవిద్యేమీ కాదు. సిట్రిక్ ఆమ్లాన్నో, నారింజ తొక్కలనో నీటితో కలిపి, గట్టిగా మూసిన పాత్రలో బాగా వేడిచేసినా వస్తాయి.

అసలు తమాషా మందును పట్టుకునే తీరులో ఉంది. ఆర్గానోఫాస్ఫరస్ మందులు పురుగు నరాలకు కీలకమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును దెబ్బతీస్తాయి. పరీక్షలోనూ దాన్నే వాడతారు. ఒక పద్ధతిలో డాట్స్ వెలుగును ముందే మాంగనీస్ డయాక్సైడ్ పలకలతో అణచి ఉంచుతారు. ఎంజైము సక్రమంగా పనిచేస్తే, అప్పుడు పుట్టే థయోకోలిన్ ఆ పలకలను విడగొడుతుంది, వెలుగు తిరిగొస్తుంది. నమూనాలో మందు ఉంటే ఎంజైము చతికిలబడుతుంది, వెలుగు సరిగా రాదు. ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి మోతాదు లెక్కగడతారు.

ఇప్పుడు ల్యాబుల్లో ఈ పని చేసే క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు ఖరీదైనవి, నిపుణులూ కావాలి. అవశేషాలు పరిమితి దాటితే విదేశాలు సరుకు తిప్పి పంపే ప్రమాదమున్న గుంటూరు మిర్చి వ్యాపారులకు, మార్కెట్ దగ్గరే జరిగే ముందస్తు పరీక్ష అక్కరకొస్తుంది. అయితే ఈ ఎంజైము పద్ధతి ఎంజైమును దెబ్బతీసే మందు ఉందని చెబుతుంది కానీ ఫలానాదని పేరు చెప్పలేదు. పైగా మిర్చి, ఆకుకూరల సహజ రంగులు వెలుగు కొలతను తికమకపెట్టొచ్చు. అందుకే తుది నిర్ధారణకు ల్యాబుకు పంపాల్సిందే.